మోకాలు దోక్కుపోతే: డ్రెస్సింగ్ రూములో రోజూ వినే అపోహలు

బండి మీంచి జారి మోకాలు దోక్కుపోయినవాళ్లు మా డ్రెస్సింగ్ రూముకి ఒట్టి గాయంతో రావడం అరుదు. దాని మీద పసుపో, కాఫీ పొడో, ఆకు పసరో, ఆఖరికి టూత్‌పేస్టో ఉంటుంది. స్టాఫ్ నర్సుగా నా పనిలో సగం గాయం మీద పూసినవాటిని కడగడమే. వచ్చినవాళ్ల చూపంతా తోలు లేచిన చోటే ఉంటుంది. మోకాలి చిప్పకి రెండు పక్కలా ఉండే గుంటలు పూడిపోయి ఉబ్బిన సంగతి అడిగితే తప్ప చెప్పరు. నన్నడిగితే తోలు లేచిన గాయం చాలావరకు నీళ్లతో తేలిపోయే వ్యవహారం. అనుమానంగా చూడాల్సింది వాపుని.

అపోహ: పసుపు, కాఫీ పొడి అద్దితే రక్తం కట్టి గాయం త్వరగా మానుతుంది.

రక్తం ఆగడానికి శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచితే చాలు. ఆగిందో లేదోనని మధ్యలో ఎత్తి చూడకూడదు, కట్టిన రక్తం మళ్లీ ఊడుతుంది. పసుపులో గుణం లేదని నేననను. కానీ వంటింటి డబ్బాలో పసుపు పోపు చేత్తో తీసే పసుపు. అది రసితో కలిసి పెచ్చు కడుతుంది. అడుగున చీము పట్టినా, చుట్టూ ఎరుపెక్కినా పైకి కనబడదు. గడ్డి చామంతి పసరు చిన్నప్పుడు నేనూ పిండుకున్నాను. ఆ ఆకు పెరిగేది రోడ్డు పక్క మట్టిలో, ధనుర్వాతం క్రిమి ఉండేదీ ఆ మట్టిలోనే. ఇక సున్నాన్ని గాయం దరిదాపులకు రానివ్వకండి, తోలు కాలుతుంది.

ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. తర్వాత గాయాన్ని కుళాయి ధార కింద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. తాగడానికి పనికొచ్చే నీళ్లయితే చాలు. సబ్బు గాయం చుట్టూ రాయండి, లోపల వద్దు. ఇసుక, కంకర నలుసులు మిగిలితే తడి గుడ్డతో మెల్లగా తుడవండి. పిల్లాడు ఏడుస్తున్నాడని వదిలేస్తే తోలు వాటి మీదే మూసుకుపోయి, పచ్చబొట్టులా నల్లమచ్చ జీవితాంతం ఉండిపోతుంది. ఇంట్లో రాకపోతే ఆ రోజే చూపించండి.

అపోహ: మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టు.

స్పిరిట్, నీళ్లు కలపని డెటాల్, బుసబుస నురగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇవన్నీ క్రిములతో పాటు గాయాన్ని పూడ్చే కొత్త కణాలనూ చంపుతాయి. ఆ మంట మీ కణాలది కూడా.

అపోహ: గాయాన్ని గాలికి వదిలేయాలి, నీళ్లు తగలనివ్వకూడదు.

1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో, ఆరబెట్టిన గాయాల కంటే కప్పి తడి ఆరకుండా ఉంచినవాటి మీద కొత్త చర్మం సుమారు రెండింతలు వేగంగా పరుచుకుంది. పక్కు కడితే మంచిదని మనం సంతోషిస్తాం గానీ, కొత్త చర్మం ఆ ఎండిన పక్కు కింద దారి వెతుక్కుంటూ పోవాలి. మోకాలైతే మడిచిన ప్రతిసారీ పక్కు పగులుతుంది కూడా. పలచగా వాసలిన్ రాసి, అంటుకోని డ్రెస్సింగ్ వేసి, రోజుకోసారి మార్చండి. పాత కట్టు అతుక్కుపోతే పీకొద్దు, నీళ్లు పోసి నాననివ్వండి. స్నానం మానక్కర్లేదు.

మొదటి రెండు మూడు రోజులు పలచగా కారేది రసి. అది చీము కాదు. చిక్కగా, పచ్చగా, వాసనతో వస్తే చీము. చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టరుకి చూపించండి. గజ్జల్లో బిళ్ళ కట్టిందని కొందరు బిళ్ళకే కాపడం పెడతారు. కాలి గాయంలో క్రిమి చేరితే గజ్జల్లో లింఫ్ గ్రంథి వాస్తుంది. చూపించాల్సింది గాయాన్ని. షుగరున్నవాళ్లు చిన్నదే కదా అని కూర్చోవద్దు.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందన్నది ఉత్తి మాట. తోలు కట్టడానికి కావలసిన మాంసకృత్తులు ఉండేది వాటిలోనే.

అపోహ: ఇనుము గీసుకుంటేనే టీటీ. లేదా, ఏ దెబ్బ తగిలినా టీటీ.

తుప్పుకీ ధనుర్వాతానికీ సంబంధం లేదు. ఆ క్రిమి మట్టిలో, దుమ్ములో, పశువుల పేడలో ఉంటుంది. చిన్నప్పుడు టీకాలన్నీ పడ్డవాళ్లకి శుభ్రమైన చిన్న గాయమైతే, చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే ఇంకొకటి కావాలి. మట్టి, పేడ పడిన గాయమైతే ఐదేళ్ల లెక్క. టీకాలు సరిగా పడ్డాయో లేదో తెలియకపోతే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, మట్టి గాయానికి ఇంకో రకం ఇంజెక్షన్ కూడా అవసరం కావచ్చు. ఆర్నెల్లకోసారి వేయించుకునేవాళ్లని చూస్తున్నాను, అది అనవసరం. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది టీడీ. అందులో డిఫ్తీరియాకి కూడా రక్షణ ఉంది.

అపోహ: నడవగలుగుతున్నాను కాబట్టి లోపల ఏమీ కాలేదు.

కబడ్డీలో పడ్డ ఓ కుర్రాడు డ్రెస్సింగ్ కోసం నడిచే వచ్చాడు. "వాపు ఎప్పుడొచ్చింది తమ్ముడూ?" అంటే, "గ్రౌండులోనే సిస్టర్, ప్యాంటు బిగుసుకుపోయింది" అన్నాడు. నేను గాయం సంగతి పక్కనపెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. లోపల లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగింది. పడ్డ రెండు గంటల్లోపే మోకాలు బంతిలా ఉబ్బితే కీలులో రక్తం చేరి ఉండొచ్చు, అంటే లిగమెంటో ఎముకో దెబ్బతిన్నదేమో చూడాలి. మర్నాటికి మెల్లగా వచ్చే వాపు ఎక్కువసార్లు అంత ప్రమాదం కాదు.

ఎక్స్‌రే ఎవరికి అవసరమన్నదానికి కెనడాలోని ఒట్టావా వైద్యులు తయారుచేసిన గుర్తులు ఇంట్లోనూ పనికొస్తాయి: వయసు 55 లేదా అంతకంటే ఎక్కువ ఉండడం, పడ్డప్పుడూ తర్వాతా నాలుగడుగులు వేయలేకపోవడం, మోకాలు 90 డిగ్రీలు మడవలేకపోవడం, చిప్ప మీద నొక్కితే బాగా నొప్పి పుట్టడం, మోకాలి కింద బయటివైపు ఎముక బుడిపె దగ్గర నొప్పి. ఏ ఒక్కటున్నా ఎక్స్‌రే తీయించాలి. ఇవేవీ లేకపోయినా లిగమెంటు తెగి ఉండొచ్చు, పైన కుర్రాడి సంగతి అదే.

అపోహ: వేడి కాపడం పెట్టి, నూనె రాసి రుద్దితే వాపు లాగేస్తుంది.

మొదటి రెండు రోజులు రెండూ వద్దు, లోపల రక్తస్రావం పెరగొచ్చు. ఐసు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి, నొప్పి తగ్గుతుంది. ఐసు అంతకు మించి చేస్తుందని నేను చెప్పను. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు కలిపి 1978లో 'రైస్' అని పేరుపెట్టిన గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరే, ఐసూ పూర్తి విశ్రాంతీ కోలుకోవడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత ఒప్పుకున్నాడు. అంచేత పైన చెప్పిన గుర్తులేవీ లేకపోతే ఒకటి రెండు రోజులు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టి, ఆ తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మడవడం, నడవడం మొదలుపెట్టండి.

నొప్పికి పారాసిటమాల్ చాలు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డైక్లోఫెనాక్ లాంటివి షాపులో అడిగి మింగొద్దు. క్రేప్ బ్యాండేజీ కడితే పిక్క పైభాగం నుంచి తొడ కిందిభాగం దాకా వదులుగా కట్టండి, రాత్రి తీసేయండి. కాలి వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా అప్పటికప్పుడే విప్పేయాలి.