ఇసుక తొట్టిలో డైనోసార్ తవ్వకం: అపోహలు - వాస్తవాలు

బడుల్లో పిల్లలతో శిలాజాల తవ్వకం ఆట ఆడించడం నా పని. ఇసుకలో ఎముకల నమూనాలు పాతిపెడతాం, పిల్లలు తవ్వి తీస్తారు. తేలిగ్గా కనబడే ఈ ఆట చుట్టూ టీచర్లలో, తల్లిదండ్రుల్లో కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: ఎముక బయటపడితే పాఠం అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పాఠమంతా ఎముకను కదపకముందే జరగాలి. తొట్టి మీద పురికొసతో గడులు కట్టించండి. ఎముక ఏ గడిలో, ఎంత లోతున, ఏ దిక్కుకు తిరిగి ఉందో గళ్ల కాగితం మీద గీశాకే చెయ్యి పెట్టనివ్వండి. "తీసేస్తాం సార్" అని గోల చేస్తారు, ఒప్పుకోవద్దు. పొడుగాటి ఎముకలన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటే నీటి వడి వాటినలా పేర్చి ఉండొచ్చు. పక్కనే మాంసాహారి పళ్లు దొరికితే అది వచ్చి తిని ఉండొచ్చు. పీకి బుట్టలో వేసిన ఎముక ఈ కబుర్లేవీ చెప్పదు. నేను కావాలనే కొన్ని ఎముకలను ఒకే వాలులో పాతి, ఎందుకలా ఉన్నాయని అడుగుతాను. వాగు పక్క ఊళ్ల పిల్లలు చటుక్కున చెప్పేస్తారు.

అపోహ: తల నుంచి తోక దాకా పూర్తి అస్థిపంజరం పాతాలి, లేకపోతే పిల్లలు నిరాశపడతారు.

వాస్తవం: తెలంగాణలో, గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ కోటాసారస్‌నే తీసుకోండి. 1988లో శిలాజ శాస్త్రవేత్త పి. యాదగిరి దానికి ఆ పేరు పెట్టారు. దొరికినవి 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి, అన్నీ కలగలిసి. పుర్రె మాత్రం దొరకలేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని పిల్లలకు చూపిస్తే, తలను ఊహించి చేశారని తప్పక చెప్పండి. నా తొట్టిలోనూ తల ఉండదు, తొడ ఎముకలు మూడుంటాయి. "దీనికి మూడు వెనక కాళ్లా?" అని మొదలైన వాదన "కాదు, రెండు జంతువులు" అనేదాకా వాళ్లంతట వాళ్లే లాక్కొస్తారు. ఆ పావుగంటా నేను నోరు విప్పను.

అపోహ: శాస్త్రవేత్తలు బ్రష్‌తోనే తవ్వుతారు.

వాస్తవం: రాయిలో ఇరుక్కున్న ఎముకకు సుత్తి, ఉలి కావాలి. పెళుసు ఎముకకు ప్లాస్టర్‌లో ముంచిన గోనెగుడ్డతో కట్టు కట్టి తరలిస్తారు. తొట్టి దగ్గర ప్లాస్టర్ పెద్దవాళ్లే కలపాలి. గట్టిపడేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది. పిల్లల చేతిని అందులో ఉంచి అచ్చు తీస్తే కాలుతుంది.

అపోహ: బొమ్మల పెట్టెలో ఉన్నవన్నీ కలిపి పాతేయొచ్చు.

వాస్తవం: పక్షులను మినహాయిస్తే డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి. మన మానవ జాతి వయసు దాదాపు 3 లక్షల ఏళ్లు. గుహమానవుడి బొమ్మను పక్కన పెట్టేయండి. డైనోసార్ల తర్వాత చాలా కాలానికి వచ్చిన బొచ్చు ఏనుగు మామత్‌ను పాతాలనుకుంటే పైపొరలో, వేరే రంగు ఇసుకలో పాతండి.

అపోహ: ఖరీదైన కిట్ కొనాలి.

వాస్తవం: బాగా ఉడికించి, కడిగి, ఎండబెట్టిన కోడి ఎముకలు చాలు. పక్షులు డైనోసార్ల వంశమే. కోడి రొమ్ము పైభాగాన ఉండే వి ఆకారపు ఎముక మాంసాహారి డైనోసార్ టైరనోసారస్‌కూ ఉండేది. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలుంటే ముందే అడిగి, వాళ్లకు ప్లాస్టర్ నమూనాలు పాతండి.