కాలు పుణె ఇచ్చింది, నడిపించేదెవరు?

సర్వీసులో కాలు పోగొట్టుకున్న మాజీ సైనికులకు ఫిజియోథెరపీ సొంతూరి దగ్గరే అందాలన్న డిమాండు మళ్లీ పైకొచ్చింది. పశ్చిమ ప్రకాశంలోనూ, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, ఆత్మకూరు వైపూ ఇదే మాట వినిపిస్తోంది. అధికారుల వైపు నుంచి వచ్చే జవాబు కూడా పాతదే. అడిగినవాళ్లకి రిఫరల్ రాస్తున్నాం, కృత్రిమ కాళ్లు తయారుచేసే పుణె లింబ్ సెంటర్ తలుపులు తెరిచే ఉన్నాయి, ఇంకేం కావాలి అని. ఇందులో అబద్ధం లేదు. అయినా గొడవ తెగడం లేదు. దీనికి కారణం వెతకడానికి యుద్ధాల చరిత్ర తిరగేయాల్సిన పని లేదు. గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట పల్లెల్లో ఇంటికొకరు సైన్యానికి ఎందుకు వెళ్లారన్నది ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఈ తగాదా అసలు ముడి 2003 ఏప్రిల్ 1 దగ్గరుంది.

ఆ రోజు నుంచి మాజీ సైనికుల ఆరోగ్య పథకం, అందరూ ఈసీహెచ్ఎస్ అని పిలిచేది, అమల్లోకి వచ్చింది. రక్షణ శాఖ ఉత్తర్వు అంతకు మూడు నెలల ముందే, 2002 డిసెంబరు 30న వెలువడింది. అంతదాకా రిటైరైన జవానుకి వైద్యమంటే మిలిటరీ ఆసుపత్రే. నెల్లూరు వాళ్లయినా ఒంగోలు వాళ్లయినా చెన్నైకో సికింద్రాబాద్‌కో రైలెక్కాలి. అక్కడా పడకలు ఖాళీగా ఉంటేనే. సర్వీసులో ఉన్నవాళ్ల తర్వాతే వీళ్ల వంతు. ఆ కష్టం పడిన తరానికి ఈసీహెచ్ఎస్ నిజంగానే వరం. బీపీ మాత్రల కోసం, గుండె పరీక్ష కోసం, భార్య కంటి ఆపరేషన్ కోసం ఊళ్లు దాటి పోవాల్సిన అవసరం తగ్గింది. దేశమంతా మొదట 227 పాలీక్లినిక్‌లు, అంటే ఈ పథకం కింద నడిచే అవుట్‌పేషెంటు ఆసుపత్రులు, మంజూరయ్యాయి. వాటిలో 106 సైనిక స్టేషన్లలో, 121 కంటోన్మెంటు లేని పట్టణాల్లో. తర్వాత 2010లో మరో 199 కలిపి 426 చేశారు. నెల్లూరు, ఒంగోలు లాంటి కంటోన్మెంటు లేని జిల్లా కేంద్రాలకు ఈ పథకం చేసిన మేలు చిన్నది కాదు.

కాలు పోయినవాళ్ల సంగతి మాత్రం ఈ మార్పులో ఎవరి లెక్కలోకీ రాలేదు. ఈ ముక్క చెప్పకుండా ఇప్పటి గొడవ గురించి ఎన్ని వివరణలు ఇచ్చినా అర్థం కాదు.

పాత పద్ధతి దూరాభారమే గానీ అందులో ఒక సౌకర్యం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో పుణెలో పెట్టిన ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కాలు తయారుచేసేవాళ్లు, మొండి కాలుని చూసే డాక్టరు, నడక నేర్పే ఫిజియో ఒక్క కప్పు కింద పనిచేస్తారు. సాకెట్, అంటే మొండి కాలు దూర్చే కృత్రిమ కాలి పైభాగం, ఎక్కడో ఒరుసుకుంటోందని ఫిజియో గమనిస్తే, ఆ కబురు పక్క వర్క్‌షాపుకు చేరుతుంది. సమాంతరంగా బిగించిన రెండు కడ్డీల మధ్య పట్టుకుని నడవడం, తర్వాత చేతికర్రతో, తర్వాత అదీ లేకుండా, ఆ తర్వాత మెట్లు, ఎగుడుదిగుడు నేల. మనిషి నడక కుదురుకునేదాకా ఎవరో ఒకరు అతన్ని చూస్తూనే ఉంటారు. సర్వీసులో ఉన్నంతకాలం యూనిట్, మిలిటరీ ఆసుపత్రి, పుణె సెంటర్ మధ్య కాగితాలు తిప్పే బాధ్యత కూడా జవానుది కాదు, సైన్యానిదే.

2003 తర్వాత సర్వీసు ముగిసినవాడి వైద్యమంతా పాలీక్లినిక్ చేతికి వచ్చింది. పాలీక్లినిక్ పనిచేసే తీరు తెలిసిందే. మెడికల్ ఆఫీసరు చూస్తారు, తన వల్ల కానిది ఎంప్యానెల్ అయిన, అంటే పథకంతో ఒప్పందం ఉన్న ఆసుపత్రికి రిఫరల్ రాస్తారు, ఆసుపత్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (సీజీహెచ్ఎస్) రేట్ల ప్రకారం బిల్లు పెట్టుకుంటుంది. జ్వరానికి, శస్త్రచికిత్సకి, కీలుమార్పిడికి ఇది సరిపోయే ఏర్పాటు. ఎందుకంటే వాటికి మొదలూ చివరా ఉంటాయి. తెగిన కాలుకి చివర ఉండదు. రిఫరల్‌కి మాత్రం గడువుంటుంది.

మోకాలి కింద తెగిన కాలునే తీసుకోండి. గాయం మానిన మొదటి నెలల్లో మొండి భాగం ఉబ్బి ఉంటుంది. క్రేప్ బ్యాండేజీని ఎనిమిది అంకె ఆకారంలో, కింద గట్టిగా పైకి పోనుపోను వదులుగా చుట్టడం చేతకాకపోతే వాపు ఒకచోట పోగవుతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెడతారు. కొన్ని వారాలకే మోకాలు వంగిన చోట బిగుసుకుపోతుంది, ఇక కృత్రిమ కాలు తొడిగినా నిటారుగా నిలబడడు. తొడ దగ్గర తెగితే తుంటి ముందుకి బిగుసుకోకుండా రోజుకి కొన్నిసార్లు బోర్లా పడుకోవాలి. వాపు తగ్గేకొద్దీ సాకెట్ వదులవుతుంది, మార్చాల్సి వస్తుంది. ఏళ్ల తర్వాత కూడా పొద్దున ఒక మేజోడుతో సరిపోయిన సాకెట్ మధ్యాహ్నానికి రెండో మేజోడు అడుగుతుంది, కాలు రోజులో కాస్త కుదించుకుపోతుంది కాబట్టి. ఒంగోలు ఎండలో సాకెట్ లోపల చెమట పట్టి తోలు లేచిపోతే వారం రోజులు కాలు తొడగడానికి ఉండదు. తొడగకపోతే నడక మళ్లీ వెనక్కి పోతుంది. ఇక లేని పాదంలో మంట, లేని వేళ్లు మెలిపెడుతున్న నొప్పి ఎప్పుడు లేస్తాయో చెప్పలేం. దానికి అద్దం ముందు చేయించే వ్యాయామం ఉంది, చేయించే మనిషే ఉండాలి.

వీటిలో ఏ ఒక్కటీ ఆసుపత్రిలో చేర్చుకునేంత జబ్బు కాదు. అన్నీ కలిస్తే మనిషి మంచం పడతాడు. వీటిని ఎప్పటికప్పుడు గమనించి, ఇది ఫిజియో పని, ఇది సాకెట్ పని, ఇది చర్మం డాక్టరు పని అని తేల్చి సరైన చోటికి పంపే మనిషి పాత పద్ధతిలో పుణెలో ఉండేవాడు. కొత్త పద్ధతిలో ఆ కుర్చీయే లేదు. పాలీక్లినిక్ సిబ్బంది అంతా కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు, గడువు ముగిస్తే డాక్టరు మారతాడు, వచ్చిన కొత్తాయనకి ఫైలు మొదటి పేజీ నుంచి చెప్పుకోవాలి. క్లినిక్‌కి ఏ స్థాయి ఇవ్వాలి, ఎంతమంది సిబ్బందిని పెట్టాలి అన్నదానికి కొలమానం ఆ ప్రాంతంలో ఉన్న మాజీ సైనికుల సంఖ్య. అంటే మనుషుల లెక్కే గానీ, ఆ మనుషులకి ఏం కావాలన్న లెక్క కాదు. షుగరు ఉన్న వంద మందీ, కాలు లేని పది మందీ ఆ పట్టికలో ఒకే తీరు.

ఈ లోటు అప్పుడే ఎందుకు బయటపడలేదు? 1999 కార్గిల్ తర్వాత దేశం దృష్టంతా వైకల్య పింఛను మీదుండడం ఒక కారణం. 2001 జనవరి 31 నాటి ఉత్తర్వుతో వైకల్యం లెక్కకట్టే పద్ధతి మారింది. 50 శాతం కంటే తక్కువుంటే 50గా, 50 నుంచి 75 లోపుంటే 75గా, ఆపైన ఉంటే 100గా తీసుకోవడం మొదలైంది. మాజీ సైనికుల సంఘాలు, కోర్టులు, సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏళ్ల తరబడి ఈ శాతాల చుట్టూనే తిరిగాయి. 2019లో వైకల్య పింఛను మీద ఆదాయపు పన్ను గొడవ, 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త అర్హతా నిబంధనల మీద అభ్యంతరాలు, అన్నీ డబ్బు చుట్టూ నడిచినవే. అవి అవసరమైన పోరాటాలే, ఎవరూ కాదనరు. వాటి కింద ఫిజియోథెరపీ అడిగే గొంతు నలిగిపోయింది.

వయసు రెండో కారణం. 2003లో కార్గిల్ క్షతగాత్రుడు పాతికా ముప్ఫై ఏళ్ల కుర్రాడు. సాకెట్ ఒరుసుకున్నా పళ్లబిగువున నడిచేశాడు. 1987-90 మధ్య శ్రీలంకలో మందుపాతర మీద అడుగేసినవాడికీ, 2001-02లో పాకిస్తాన్ సరిహద్దుకి సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్‌లో మైన్లు పాతుతూ, తీస్తూ కాలు పోగొట్టుకున్నవాడికీ అదే వయసు బలం. ఇప్పుడు వీళ్లలో చాలామంది యాభై, అరవై దాటారు. ఇన్నేళ్లూ శరీరం బరువంతా మోసిన మంచి కాలి మోకాలు అరిగిపోయింది. నడుము పట్టేస్తోంది. కదలిక తగ్గి ఒళ్లొచ్చింది, ఒళ్లొస్తే సాకెట్ పట్టదు. షుగరు తోడైతే మిగిలిన ఆ ఒక్క పాదం గురించి భయం. ఇరవై ఏళ్ల కింద అవసరం అనిపించని ఫిజియో ఇవాళ లేకపోతే గడవదు. డిమాండు ఇప్పుడు ఇంత గట్టిగా రావడానికి కారణం ఇదే, కొందరు అధికారులు అనుకుంటున్నట్టు ఎవరో ఎగదోస్తే వచ్చింది కాదు.

ఇక దూరం. గిద్దలూరు గుంటూరు-నంద్యాల రైలు మార్గం మీదుంది, ఉమ్మడి ప్రకాశం జిల్లా కేంద్రమైన ఒంగోలేమో సముద్రం వైపు వంద కిలోమీటర్లకు పైగా ఎడంగా, వేరే లైను మీద ఉంది. బస్సే గతి. నల్లమల ఘాట్ దిగి నంద్యాల పోవడమే దగ్గర, కానీ అది వేరే జిల్లా. ఉదయగిరి నుంచి నెల్లూరు కూడా దాదాపు వంద కిలోమీటర్ల దూరం. తొడ దగ్గర కాలు తెగినవాడు నడవడానికి మామూలు మనిషి కంటే చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అతను తెల్లారుజామున బస్సు ఎత్తు మెట్లెక్కి, మూడు గంటలు సాకెట్‌తో కూర్చుని, అరగంట ఫిజియో సిట్టింగ్ చేయించుకుని, మళ్లీ మూడు గంటలు ప్రయాణించి ఇల్లు చేరితే, ఆ సిట్టింగ్ మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? వారంలో మూడు రోజులు రమ్మంటే వెళ్లగలిగేదెవరు? రెండు వారాలకు మానేస్తారు. మానేశాక రికార్డులో పడేది ‘పేషెంటు రాలేదు’ అని. ‘రాలేకపోయాడు’ అని రాసే గడి ఆ ఫారంలో ఉండదు.

అధికారుల వాదనకీ ఒక బలం ఉంది. ఐదారు మండలాలకు కలిపి కాళ్లు పోయినవాళ్లు కొద్దిమందే ఉన్నచోట ప్రత్యేకంగా ఫిజియోని నియమిస్తే మిగతా రోజులు ఖాళీగా కూర్చుంటాడు కదా అని వాళ్లంటారు. మాజీ సైనికులు అడుగుతున్నది పూర్తికాలపు ఉద్యోగిని కాదు. వారంలో ఒక నిర్ణీత రోజు ఫిజియో మార్కాపురం, గిద్దలూరు, ఉదయగిరి లాంటి చోట్లకి రావాలని అడుగుతున్నారు. కాలు, చెయ్యి పోయినవాళ్లకి రిఫరల్ ప్రతిసారీ కొత్తగా రాయించుకునే పని లేకుండా దీర్ఘకాలానికి ఇవ్వమంటున్నారు. అన్నిటికంటే ముందు, పాలీక్లినిక్‌లో ఒక మనిషికి, నర్సయినా సరే, వీళ్ల ఫైళ్లన్నీ అప్పగించి, పుణెలో తేదీ తీసుకోవడం దగ్గర నుంచి సాకెట్ రిపేరు దాకా ఫోన్లో కనుక్కునే బాధ్యత పెట్టమంటున్నారు. ఈ మూడింటిలో మొదటిది తప్ప మిగతావాటికి కొత్త పోస్టులు అక్కర్లేదు.

ఈలోగా జనం తమ దారులు తాము వెతుక్కున్నారు. స్వచ్ఛంద సంస్థలు పెట్టే జైపూర్ పాదం శిబిరాలకు వెళ్లి కొలతలిచ్చి వచ్చేవాళ్లున్నారు. గొంతుక్కూర్చోవడానికి, చెప్పుల్లేకుండా బురద గట్టు మీద నడవడానికి ఆ పాదం అనువు. శిబిరం ఎత్తేశాక సాకెట్ బిగుసుకుంటే అడగడానికి మాత్రం ఎవరూ ఉండరు. ప్రైవేటు ఫిజియోని ఇంటికి పిలిపించి చేతి డబ్బులిచ్చుకునేవాళ్లూ ఉన్నారు. 2021లో శంకుస్థాపన జరిగిన మార్కాపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడిస్తే అక్కడి ఫిజియో విభాగాన్ని వాడుకోవచ్చన్న ఆశ ఉండేది. ఆ కాలేజీ చుట్టూ నడిచిన రాజకీయం వేరే కథ.

ప్రస్తుతానికి వినతిపత్రాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి చేరుతున్నాయి. ఆ కార్యాలయం పింఛను, స్కాలర్‌షిప్పులు, గుర్తింపు కార్డుల పని చూస్తుంది గానీ పాలీక్లినిక్ మీద దానికి అధికారం లేదు. పాలీక్లినిక్ సిబ్బంది నియామకం సైన్యం స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ చేతుల్లో ఉంటుంది. ఆసుపత్రుల బిల్లులు, ఎంప్యానెల్‌మెంటు ఈసీహెచ్ఎస్ రీజినల్ సెంటర్ చూస్తుంది. కృత్రిమ కాలు పుణెది. గిద్దలూరులో రాసిన ఒక అర్జీకి జవాబు రావాలంటే ఈ నాలుగు చోట్లా కదలాలి. వాటిని కలిపి కూర్చోబెట్టే అధికారం ఎవరికి ఇవ్వాలో 2002 డిసెంబరు ఉత్తర్వు చెప్పలేదు. మాజీ సైనికులు ఇప్పుడు ముందుగా తేల్చమంటున్నది దాన్నే.