ఆవిరి లెక్కలో దాగిన నష్టం

పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసే విద్య కొత్తదేమీ కాదు. అమెరికాలోని గర్డ్‌లర్ కార్పొరేషన్‌కు చెందిన ఆర్.ఆర్. బాటమ్స్ 1930లోనే అమైన్ (అమోనియా నుంచి పుట్టిన రసాయనం) ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్ లాంటి ఆమ్ల వాయువులను కడిగే పద్ధతికి పేటెంట్ పొందారు. చల్లగా ఉన్నప్పుడు వాయువును పీల్చుకునే ఆ ద్రావణం, కాస్తే దాన్ని వదిలేస్తుంది. అధిక పీడనంలో ఉండే సహజవాయువును శుద్ధిచేయడానికి ఇది దశాబ్దాల పాటు చక్కగా పనికొచ్చింది. బొగ్గు పొగ సంగతి వేరు. అందులో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 15 శాతమే, అదీ మామూలు గాలి పీడనం దగ్గర. పైగా ద్రావణాన్ని కాచే ఆవిరిని టర్బైన్ నుంచే మళ్లించాలి కనుక, ఆ మేరకు కరెంటు తగ్గుతుంది.

ఎంత తగ్గాలి, ఎంత తగ్గుతోంది అన్నది ఉష్ణగతిక శాస్త్రం తేల్చవలసిన లెక్క. పొగలోని కార్బన్ డయాక్సైడ్‌లో 90 శాతాన్ని వేరుచేయడానికి టన్నుకు కనీసం 0.17 గిగాజౌళ్ల (గిగాజౌల్ అంటే వంద కోట్ల జౌళ్ల శక్తి) పని చాలు. మోనోఇథనాలమైన్ అనే అమైన్‌ను వాడే యూనిట్లలో ద్రావణాన్ని కాచే రీబాయిలర్‌కు మాత్రం 3.5 నుంచి 4 గిగాజౌళ్ల వేడి కావాలి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఇరవై రెట్లు వృథా అనడం సరికాదు. వేడి వేరు, పని వేరు; వేడినంతా పనిగా మార్చలేమని ఫ్రెంచ్ ఇంజినీర్ కార్నో 1824లోనే చూపించారు. 130 డిగ్రీల ఆవిరికీ 40 డిగ్రీల చల్లదనానికీ మధ్య మహా అయితే 22 శాతం వేడి పనిగా మారగలదు. అలా చూస్తే 3.6 గిగాజౌళ్ల వేడి విలువ 0.8 గిగాజౌళ్ల పని. అయినా కనిష్ఠానికి దాదాపు అయిదు రెట్లు.

పనిగా మారగల ఈ భాగానికి 1956లో స్లొవేనియా ఇంజినీర్ జోరాన్ రాంట్ ఎక్సర్జీ అని పేరు పెట్టారు. ఒక్కొక్క పరికరానికీ ఈ లెక్క వేస్తే నష్టం ఎక్కడ జరుగుతోందో బయటపడుతుంది. ద్రావణాన్ని కాచి వాయువును విడిపించే గోపురమైన స్ట్రిప్పర్ పైనుంచి వాయువుతోపాటు నీటి ఆవిరి కూడా పోయి కండెన్సర్‌లో వేడినంతా పోగొట్టుకుంటుంది. వాయువు నిండిన చల్లని ద్రావణంలో కొంత నేరుగా స్ట్రిప్పర్ పైభాగానికి పంపితే, ఆ ఆవిరి అక్కడే నీరై తన వేడిని లోపలే వదులుతుంది. ఒక్క పైపు మళ్లింపుతో దక్కే లాభం ఇది!

ఈ విద్య మనకు దగ్గరగానూ ఉంది: కాకినాడలోని నాగార్జున ఫెర్టిలైజర్స్ కర్మాగారంలో యూరియా తయారీ కోసం పొగ నుంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే మిత్సుబిషి కంపెనీ యూనిట్ 2009లో వచ్చింది.

ద్రావణం ఎంపిక మీద వాదన మాత్రం తెగలేదు. శోషణ వేడి (వాయువును పీల్చుకునేటప్పుడు వెలువడే వేడి) తక్కువైతే ఆవిరి ఆదా అవుతుందన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ వేడి ఎక్కువైన ద్రావణం, కాచినప్పుడు వాయువును ఎక్కువ పీడనంతో వదులుతుంది. వెంటపోయే నీటి ఆవిరీ తగ్గుతుంది, పట్టిన వాయువును నొక్కే కంప్రెసర్ భారమూ తగ్గుతుంది. అందుకే ఎవరైనా టన్నుకు ఇన్ని గిగాజౌళ్లని చెప్పినప్పుడు, అది ఎన్ని డిగ్రీల ఆవిరి, కంప్రెసర్‌తో కలిపి ఎన్ని యూనిట్ల కరెంటు అని నేను ముందుగా చూస్తాను.