అపోహలు – వాస్తవాలు: సర్కస్ పోస్టరు కింద ఉన్న చీటీని కత్తిరించకండి

అమెరికాలో పాత సర్కస్ పోస్టర్లను, నాటకశాలల కరపత్రాలను శుభ్రం చేసి భద్రపరచడం నా వృత్తి. ఈ నెలలో ముగ్గురు ఒకే మాట చెప్పారు: "బొమ్మ కింద ఎవరో అంటించిన కాగితం ఉంటే కత్తిరించేసి ఫ్రేము కట్టించాం." విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: కింది చీటీ తరువాత ఎవరో అతికించింది. తీసేస్తేనే పోస్టరు అసలు రూపంలో ఉంటుంది.

వాస్తవం: ఆ చీటీ ఉంటేనే అది పూర్తి పోస్టరు. సిన్సినాటిలోని స్ట్రోబ్రిడ్జ్ వంటి లిథో (రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చువేసే) ముద్రణాలయాలు రంగుల బొమ్మను ఊరూ తేదీ లేకుండా పెద్ద సంఖ్యలో అచ్చువేసేవి. సర్కస్ కంటే ముందే రైల్లో ఊళ్లోకి దిగిన పోస్టర్ల బృందం పిండి జిగురుతో వాటిని గోడలకు అంటించేది. ఊరి పేరు, వారం, తేదీ విడిగా అచ్చయిన చీటీని కింద జతచేసేది. ఏ ఏడాదో దాని మీద సాధారణంగా ఉండదు. ఆ ఊరివాళ్లకు అది చెప్పనక్కర్లేదు కదా!

నిరుడు ఒక పెద్దావిడ తన ఇంటి పాత చెక్క పలకల వెనక దొరికిన పోస్టరు తెచ్చారు. చీటీ మీద ఊరి పేరు, "మంగళవారం, జూలై 12" అని మాత్రమే ఉంది. సంవత్సరం లేదు కాబట్టి నకిలీదని ఎవరో భయపెట్టారట. కాగితం బల్లమీద పరుస్తుంటే ఆవిడ చేతులు వణికాయి. ఇలా తెలిసీ తెలియక తీర్పులిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూర్చోబెట్టి లెక్క చూపించాను. జూలై 12 మంగళవారం అయింది 1881, 1887, 1892, 1898లలో. ఆ తరువాత 1904లో. పోస్టరు పైన సర్కస్ పేరు "బార్నమ్ అండ్ బెయిలీ" అని ఉంది. ఆ పేరు 1888 సీజనుతో మొదలైంది కనుక మొదటి రెండూ పోయాయి. 1898లో ఆ సర్కస్ యూరప్ పర్యటనలో ఉంది. గోడకు పలకలు కొట్టించింది 1899లో అని వాళ్ల ఇంటి లెక్కల పుస్తకం చెబుతోంది, కాబట్టి 1904 కూడా కాదు. మిగిలింది 1892, అంటే ఆ సర్కస్ యజమానుల్లో ఒకరైన బార్నమ్ చనిపోయిన మరుసటి ఏడాది. చీటీ లేకపోతే ఆ ఏడాదీ తేలేది కాదు, ఆ ఊరి పేరూ మిగిలేది కాదు.

నకిలీ అనుమానం ఉంటే భూతద్దం పట్టండి. రంగు చుక్కలు వరుసలు కట్టి కనిపిస్తే అది తరువాతి కాలంలో ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చువేసిన ప్రతి.

మిగతావి క్లుప్తంగా. బార్నమ్ పుట్టు సర్కస్‌వాడు కాదు, ఆ వ్యాపారంలో దిగింది 1871లో, అరవై ఏళ్ల వయసులో. "నిమిషానికో అమాయకుడు పుడతాడు" అని ఆయన అన్నట్టు ఆధారం లేదు. సర్కస్‌కు మూలం ఏనుగు కాదు, గుర్రం. 1793లో ఫిలడెల్ఫియాలో గుర్రపు రౌతు రికెట్స్ పెట్టిన మొదటి అమెరికన్ సర్కస్ గుర్రపు స్వారీ ప్రదర్శనే.

పాంటోమైమ్‌ను మనం మూకాభినయం అంటాం, అక్కడే చిక్కు. ఒకాయన డిసెంబరు నాటి నాటకశాల కరపత్రాన్ని, పాటల జాబితా ఉంది కాబట్టి పాంటోమైమ్‌ది కాదని పారేయబోయారు. ఆనాటి పాంటోమైమ్ నిండా పాటలు, నృత్యాలు, నేలలో తెరుచుకునే తలుపులు, కళ్లముందే మారిపోయే తెరలు ఉండేవి. ముఖానికి తెల్లరంగు పూసుకున్న విదూషకుడు జార్జ్ ఫాక్స్ ఆడిన "హంప్టీ డంప్టీ" అనే పాంటోమైమ్ 1868 మార్చిలో న్యూయార్క్ ఒలింపిక్ థియేటరులో మొదలై 483 సార్లు ఆడింది. చలికి డేరాలు ముడిచాక సర్కస్ ఆటగాళ్లు కొందరు ఇలాంటి వేదికల మీద పిల్లిమొగ్గలు వేసి పొట్టపోసుకునేవారు. పాటల జాబితా చూసి ఏ కరపత్రాన్నీ పారేయకండి.

ఇప్పటికే చీటీ కత్తిరించినవాళ్లు కుమిలిపోవద్దు. ముందు ఫ్రేము వెనక అట్ట విప్పి చూడండి. ఫ్రేము కట్టేవాళ్లు ఆ ముక్కను మడిచి అక్కడే పెట్టడం నేను రెండుసార్లు చూశాను. దొరికితే టేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు. ఆమ్లం లేని కాగితపు కవరు మీద ముందు అది ఏ పోస్టరుదో పెన్సిలుతో రాసి, తరువాత ముక్కను అందులో పెట్టి పోస్టరుతోపాటే ఉంచండి.