“ఎంత చెప్పినా వినరు” అన్నది ఎంతవరకు నిజం? మూసీ ఒడ్డు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డునున్న చాదర్‌ఘాట్, మూసానగర్ వైపు బస్తీల్లో వరద గురించి, వానాకాలం జబ్బుల గురించి జాగ్రత్తలు చెప్పడం నా పని. మా మీటింగుల్లో బస్తీవాళ్ల గురించి ఏటా వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. బస్తీలో వినపడేది ఒకటి ఉంది.

అపోహ: వాళ్లకు ప్రమాదం అర్థం కాదు, అందుకే ఇల్లు వదలరు.

వాస్తవం: 2020 అక్టోబరు 13 రాత్రి నేను ఒక ఇంటి ముందు నిలబడేసరికి మొదటి మెట్టు మునిగింది. లోపల ఆవిడ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, పైన బియ్యం డబ్బా, కుట్టుమిషను ఎక్కించింది. ఆధార్, రేషన్ కార్డు పాలిథిన్ కవరులో చుట్టి నడుముకు కట్టుకుంది. ఆమెకు ప్రమాదం తెలియదని ఎలా అంటాం?

“మిషను ఎవరు చూస్తరన్నా? ఆడపిల్లతోని ఆ స్కూల్ల ఎట్ల పండుకోవాలె? బాత్రూంకు గొళ్లెమన్న ఉన్నదా?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. మైకులో మేం చెప్పింది “సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్లండి” అని మాత్రమే. ఏ స్కూలు, ఏ దారి, అక్కడ ఎవరుంటారు, ఏదీ చెప్పలేదు. ఆ మరుసటి ఏడాది నుంచి వానలు మొదలవకముందే, వరదప్పుడు జనాన్ని ఉంచే స్కూలుకు వెళ్లి గొళ్లేలు చూస్తున్నాను. లేకపోతే పెట్టించేదాకా వెంటపడతాను.

అపోహ: అంకెలు, రంగులు చెబితే చాలు.

వాస్తవం: ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. హిమాయత్‌సాగర్ జలాశయం గేట్లెత్తి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారంటే, నీళ్లు ఇంట్లోకి వస్తాయో రావో ఎవరికి తెలుస్తుంది? పోయిన వరద గోడ మీద వదిలిన మరక చూపించి “అక్కడిదాకా రావచ్చు” అంటే చిన్నపిల్లలకూ తెలుస్తుంది. వాతావరణ శాఖ ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక చర్య తీసుకోమని. మేం దాన్ని ఇలా మార్చి చెబుతాం: ఆరెంజ్ అయితే కాగితాలు కట్టుకోండి, రెడ్ అయితే ముసలివాళ్లను, పిల్లలను ముందు పంపండి.

అపోహ: భయపెడితేనే కదులుతారు.

వాస్తవం: 1908 సెప్టెంబరు 28 వరదలో వేలమంది పోయారు. కానీ బస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్పేది చింతచెట్టు గురించి. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారంటారు. శవాల ఫొటోలు చూపిస్తే తల తిప్పుకుంటారు. ఎక్కాల్సిన చోటు చూపిస్తే గుర్తుపెట్టుకుంటారు.

అపోహ: వాట్సాప్‌లో పెడితే అందరికీ చేరినట్టే.

వాస్తవం: చాలా ఇళ్లల్లో ఫోను మగవాళ్ల జేబులో పనికి పోతుంది. మసీదు మైకులో ఉర్దూ, గుడి మైకులో తెలుగు కావాలి. చెవులు వినపడనివాళ్ల తలుపు ఎవరో ఒకరు తట్టాలి. ఆ బాధ్యత ఎవరిదో ముందే పేరు పెట్టి రాసుకోవాలి.

అపోహ: విరేచనాలైతే నీళ్లు తాగించకూడదు.

వాస్తవం: ఇది బస్తీలో వినేది, ప్రాణం తీసేది. తల్లిని తిట్టకండి, పక్కన కూర్చుని ఓఆర్‌ఎస్ (ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు) కలిపి చూపించండి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అయితే పొడి మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలపాలి. ప్యాకెట్ లేకపోతే అదే లీటరుకు టీచెంచాతో అంచుకు సమంగా ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. మిగిలింది 24 గంటల తర్వాత పారబోయాలి. తల్లిపాలు ఆపొద్దు. బిడ్డ కళ్లు లోతుకు పోయినా, ఉచ్చ తగ్గినా, తాగలేక సోలిపోతున్నా వెంటనే దవాఖానాకు తీసుకెళ్లాలి.