జింక మౌంట్‌లో ముక్కు: అపోహలు - వాస్తవాలు

జింక చర్మాన్ని దిమ్మ మీద తొడిగి బతికున్నట్టు తయారుచేసిన తలను, అంటే మౌంట్‌ను, చూసినవాళ్లు "కళ్లు భలే కుదిరాయి" అంటారు. అదే మౌంట్ బొమ్మలా అనిపించిందంటే మాత్రం లోపం చాలాసార్లు ముక్కు దగ్గరే ఉంటుంది. టాక్సిడెర్మీ, అంటే ఇలా మౌంట్లు చేసే పని, నేర్చుకుంటున్నవాళ్లు తమ పని చూపించినప్పుడు నేను ముందుగా చూసేది అక్కడే. ముక్కు గురించి తరచూ వినే మాటల్లో సరిదిద్దాల్సినవి కొన్ని ఉన్నాయి.

అపోహ: ముక్కు అంటే రంగు పని. నల్ల పెయింట్ వేసి, పైన వార్నిష్ పూస్తే అయిపోతుంది.

వాస్తవం: బతికున్న తెల్లతోక జింక ముక్కు ఫోటో ఒకటి తీసుకుని బాగా పెద్దది చేసి చూడండి. రోమాలు లేని ఆ చర్మమంతా చిన్న చిన్న బుడిపెలు, వాటి మధ్య సన్నని గాళ్లు (గాడులు). బుడిపెలన్నీ ఒకే సైజులో ఉండవు. మధ్యలో కాస్త పెద్దవి. ముక్కుపుటాల అంచుకు వచ్చేసరికి చిన్నవై, దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి. అంచు దాటి లోపలికి పోయాక చర్మం నున్నబడుతుంది. పైన రోమాలు మొదలయ్యే చోట కూడా గీత గీసినట్టు ఉండదు, బుడిపెలు పలచబడుతూ పొట్టి రోమాల్లో కలిసిపోతాయి.

మౌంట్ ఆరేటప్పుడు చర్మంలోని నీరు పోయి ఈ బుడిపెలు అణిగిపోతాయి. అణిగిన చర్మం మీద దట్టంగా రంగు వేస్తే మిగిలిన గాళ్లు కూడా పూడిపోతాయి. కాబట్టి ముందు ఆకారం తిరిగి రావాలి, ఆ తర్వాతే రంగు.

అపోహ: టానింగ్ (చర్మాన్ని తోలుగా పదును చేయడం) బాగా కుదిరితే ముక్కు దానంతటదే నిలబడుతుంది.

వాస్తవం: మంచి టానింగ్ చర్మాన్ని చెడిపోకుండా కాపాడుతుంది గానీ ఆరేటప్పుడు ముడుచుకోవడాన్ని పూర్తిగా ఆపలేదు. ముక్కు బాగోగులు కత్తి పట్టుకున్నప్పుడే సగం తేలిపోతాయి. లోపలివైపు నుంచి కార్టిలేజ్ (మృదులాస్థి) తీసేసి, ముక్కు చర్మం కింద ఉండే మందపాటి భాగాన్ని ఓపిగ్గా పలచన చేయాలి. మందంగా వదిలేస్తే ఆరుతున్నకొద్దీ అది లాక్కుపోయి పుటాలను సాగదీస్తుంది, చర్మం తొడిగే దిమ్మ అయిన ఫార్మ్‌కీ చర్మానికీ మధ్య ఖాళీ వస్తుంది. ముక్కు చెక్కి ఉన్న మంచి ఫార్మ్ కొన్నా, చర్మం పలచగా లేకపోతే, జిగురు మందంగా పడితే, ఆ చెక్కడం పైకి కనిపించదు. పుటాల లోపలి చర్మాన్ని కురచగా కోయకండి. ఫార్మ్‌లోని సందులోకి మడిచి దోపడానికి అదే కావాలి. అది లేకపోతే తర్వాత ఎంత పుట్టీ నింపినా లోతు రాదు.

ఉప్పు వేయడం ఆలస్యమైతే ఇంకో ఇబ్బంది. ముక్కు పైపొర ఊడి వచ్చేస్తుంది, దాంతోపాటు బుడిపెలూ సహజమైన రంగూ పోతాయి. అప్పుడు మొత్తం మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

అపోహ: స్పాంజితో అద్దితే బుడిపెలు వచ్చేస్తాయి.

వాస్తవం: వస్తాయి, కానీ అంతటా ఒకేలా వస్తాయి. ఒకే నమూనా మళ్లీ మళ్లీ పడితే చూసేవాళ్ల కన్ను వెంటనే పట్టేస్తుంది. నేను చేసేది ఇది: మౌంట్ పూర్తిగా ఆరనిస్తాను, దానికి వారాలు పడుతుంది. పచ్చిగా ఉండగానే పుట్టీ పెడితే కింద చర్మం ఇంకా ముడుచుకుని అంచులు లేచిపోతాయి. ఆరాక ఎపాక్సీ పుట్టీని (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ముద్ద) వీలైనంత పలచగా, తడి బ్రష్‌తో అంచులు కలిసిపోయేలా పరుస్తాను. కలిపిన వెంటనే పని మొదలుపెట్టకూడదు, వేలికి అంటుకోకుండా కాస్త గట్టిపడే దాకా ఆగాలి. అప్పుడు మొనదేరని సన్నని పనిముట్టుతో ముందు గాళ్లు గీస్తాను. గాళ్ల మధ్య మిగిలేవే బుడిపెలు. మధ్య నుంచి అంచులకు వెళ్తూ సైజు తగ్గించుకుంటూ పోవాలి, వరసలు కట్టనివ్వకూడదు. చివర్లో తడి బ్రష్‌తో మెల్లగా తడిమితే పదును చచ్చి చర్మంలా అవుతుంది. అసలు ముక్కు నుంచి తీసిన సిలికాన్ అచ్చు వాడినా పర్లేదు, అతుకులు మాత్రం చేత్తో కలపాలి.

అపోహ: జింక ముక్కు నల్లగా ఉంటుంది.

వాస్తవం: దూరం నుంచి అలా కనిపిస్తుందంతే. దగ్గరగా చూస్తే ముదురు గోధుమ, బూడిద రంగులు కలిసి ఉంటాయి, పుటాల లోపల గులాబీ ఛాయ తగులుతుంది. గోధుమ కలిసిన బూడిద రంగును పలచని పూతలుగా వేసి, నీళ్లలా పలచన చేసిన ముదురు రంగును గాళ్లలోకి దిగనిచ్చి, లేత రంగును దాదాపు పొడి బ్రష్‌తో బుడిపెల తలల మీద తాకిస్తే లోతు వస్తుంది. తెల్లతోక జింకకు ముక్కు వెనకే తెల్లటి పట్టీ ఉంటుంది, రంగు దాని మీదకు పాకకుండా చూసుకోండి.

అపోహ: ఎంత మెరిస్తే అంత తడిగా కనిపిస్తుంది.

వాస్తవం: జింక ముక్కును తరచూ నాకుతూ తడిగా ఉంచుకుంటుంది, వాసన పట్టడానికి ఆ తడి కావాలి. కానీ ఆ తడి అంతటా ఒకేలా ఉండదు. పుటాల లోపల, అంచుల మీద పూర్తి మెరుపు ఇవ్వండి. బయటి చర్మానికి సగం మెరుపు చాలు, రోమాల దగ్గర అసలు వద్దు. పక్క నుంచి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. సరైన ముక్కు మీద వెలుగు చిన్న చిన్న చుక్కలుగా విరిగి కనిపిస్తుంది. ఒకటే పెద్ద మరక మెరిసిందంటే వార్నిష్ ఎక్కువైనట్టు.

అపోహ: జింక జాతులన్నిటికీ ఇదే పద్ధతి.

వాస్తవం: కాదు. రెయిన్‌డీర్ ముక్కు మీద రోమాలే ఉంటాయి. మూస్‌కు పుటాల మధ్య చిన్న తునకంత చర్మమే బయటికి కనిపిస్తుంది. ఎల్క్ ముక్కు మాత్రం రోమాలు లేకుండా విశాలంగా ఉంటుంది. ఏ జంతువు చేస్తుంటే దాని బతికున్న ఫోటోలే ముందు పెట్టుకోండి. చనిపోయాక ముక్కు త్వరగా ఎండి ఆకారం మారిపోతుంది కాబట్టి అచ్చు తీయాలనుకుంటే తాజాగా ఉన్నప్పుడే తీయాలి.

అపోహ: పాత మౌంట్ ముక్కు పగిలితే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: పాత రంగు జాగ్రత్తగా తీసి, పగుళ్లు పుట్టీతో నింపి, పైన చెప్పినట్టే బుడిపెలు కట్టుకోవచ్చు. ఒక్కటి మర్చిపోవద్దు: పాతకాలపు మౌంట్లలో ఆర్సెనిక్ అనే విషం వాడేవాళ్లు. ఎప్పటిదో తెలియనిది చేతికొస్తే గ్లవ్స్, మాస్క్ వేసుకున్నాకే ముట్టుకోండి, పొడిగా ఉండగా ఇసుక కాగితంతో రుద్దకండి.