కాసిమేడులో పడవను కట్టే లెక్క

చెన్నైలోని కాసిమేడు ఫిషింగ్ హార్బర్‌లో మొదటిసారి పడవ తాడును నేను గట్టిగా బిగించి కట్టబోతే, పక్క పడవలోని నెల్లూరు పెద్దాయన ఆపాడు. "పలుపు పొట్టిగా కడితే గొడ్డు గుంజను పీకదా అబ్బయా? పడవైనా అంతే" అన్నాడు. ఆ మాటలో ఎంత భౌతికశాస్త్రం ఉందో లెక్కేసి చూస్తే తెలిసింది.

చెన్నైలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆ తేడా సుమారు మీటరు ఉంటుంది. గట్టు కదలదు, పడవ లేస్తుంది. తాడు రెండు మీటర్లే ఉందనుకోండి. నీళ్లు మీటరు లేస్తే పైథాగరస్ సూత్రం ప్రకారం అది 2.24 మీటర్లు కావాలి, అంటే 12 శాతం సాగాలి. పది మీటర్ల తాడైతే 10.05 చాలు. అర శాతమే!

అంత పొడవుకు చోటెక్కడ? గట్టు వెంబడే. ముక్కు దగ్గర కట్టిన తాడు వెనక్కి, వెనుక కట్టింది ముందుకి, గట్టు పొడవునా పోతాయి. వీటిని స్ప్రింగ్ లైన్లు అంటారు. పడవ ముందుకీ వెనక్కీ జారకుండా ఆపుతూనే, లేవడానికీ దిగడానికీ వీలిస్తాయి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన తాళ్లు ఇవే.

తాడు నైలాన్‌దైతే మంచిది. అది సాగి కుదుపును మింగుతుంది. పాలీప్రొపిలీన్ చవకే, కానీ మన ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద తోపు నాలుగు రెట్లవుతుంది. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను చెన్నైని తాకినప్పుడు గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటింది. 25 కిలోమీటర్ల మామూలు గాలితో పోలిస్తే తోపు పదహారు రెట్లకు పైనే!

ఇక గట్టుకు వేలాడే పాత టైర్లు. ఇరవై టన్నుల పడవ సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో గట్టును తాకితే 400 జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. రెండు సెంటీమీటర్లలో ఆగితే చెక్క మీద సగటున రెండు టన్నుల బరువంత ఒత్తిడి పడుతుంది. టైరు నలిగి ఇరవై సెంటీమీటర్లలో ఆపితే అది రెండు వందల కిలోలే.

రోజూ అదే చోటికి వచ్చే పడవకు తాళ్లను గట్టు మీదే శాశ్వతంగా ఉంచేసుకోవచ్చు. పోటు, పాటు రెండూ చూసి కొలత పెట్టాలి. చివర ముడి వేయకూడదు, ముడి తాడు బలాన్ని సగం దాకా తినేస్తుంది. పురులు విప్పి తిరిగి తాడులోకే అల్లిన కన్ను, అంటే తాడు చివరి వలయం, చాలా నయం. రాత్రి అలసిపోయి వచ్చినా ఆ కన్ను తగిలిస్తే చాలు, టెన్షన్ ఉండదు.

తాడు గట్టు అంచుకు ఒరుసుకునే చోట చాలామంది రబ్బరు గొట్టం తొడుగుతారు. పైపై రాపిడికి అది పనికొస్తుంది గానీ, తుపాను కుదుపుల్లో నైలాన్ పోగులు లోపల ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి. గొట్టంలో ఆ వేడి పోయే దారి లేక పోగులు మెత్తబడి తాడు తెగుతుంది. అందుకే వాన నీళ్లు లోపలికి ఇంకి తాడును చల్లబరిచే దళసరి కాన్వాసు గుడ్డ చుట్టాలి. ఈశాన్య రుతుపవనాలకు ముందే, సెప్టెంబరులోనే, ఆ గుడ్డ విప్పి కింద తాడును వేళ్లతో తడమాలి. పోగులు గరుకుగా లేచి ఉంటే ఇంకో సీజన్ చూద్దామని ఆగకుండా, ఆ తాడు మార్చేయాలి.